చైన్‌రింగ్ మార్చబోతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

నీ సైకిల్‌కు ముందు పెడళ్ల దగ్గర చైన్‌ను తిప్పే మూడు పళ్ళ చక్రాలనూ, అంటే చైన్‌రింగులను, తీసేసి ఒక్కటే బిగించుకుని, డిసెంబరులో విశాఖ నుంచి అరకు వెళ్లి రావాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. వినగానే నాకు గర్వం కలిగింది, ఆ తరువాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. నువ్వు ఘాట్ ఎక్కలేవేమోనని కాదు నా దిగులు. దిగేటప్పుడు చైన్ ఊడుతుందేమోనని.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రింగ్ కొనేముందు, పెడల్‌ను మోసే నీ క్రాంక్‌కు రింగ్ బిగించే బోల్టులు ఎన్ని ఉన్నాయో, అవి అమరిన వలయం అడ్డుకొలత ఎంతో చూసుకో. ఒక్క రింగ్‌కు పొట్టి బోల్టులు కావాలి. పాతవి బిగిసినట్టే ఉంటాయి కాని రింగ్ కదులుతూనే ఉంటుంది. చైన్‌ను, గేరు మార్చే డీరెయిలర్‌లోకి పోనివ్వకుండా, ముందు రింగ్ మీద, వెనుక అన్నిటికన్నా పెద్ద పళ్ళ చక్రం మీద చుట్టి, అది కలిసే చోటికి ఒక అంగుళం కలిపి తెంచు.

ఇక అసలు సంగతి. 2011 నవంబరులో నాకూ సరిగ్గా నీ ఆలోచనే వచ్చింది. నా సైకిల్‌కు 48, 38, 28 పళ్ళ రింగులు మూడు ఉండేవి. కొత్తది కొనడం దండగ అనుకుని, పెద్దదీ చిన్నదీ తీసేసి, ముందు డీరెయిలర్ కూడా పీకేసి, నడిమి 38ని అలాగే ఉంచుకున్నాను. వెనుక పళ్ళ చక్రాల వరుసకు అది సరిగ్గా మధ్యలో ఉంది కనుక అంతా బాగుందని మురిసిపోయాను. స్థానం బాగానే ఉంది, పళ్ళే తప్పు. మూడింటి నడుమ ఉండే రింగ్‌ను చైన్‌ను పట్టి ఉంచడానికి కాక, వదిలిపెట్టడానికి తయారుచేస్తారు. పక్క రింగుల మీదికి చైన్ సులువుగా మారాలని దాని పళ్ళను పొట్టిగా కోసి, పక్కన వాలు గాడులు చెక్కి, చిన్న మేకుల్లాంటివి దిగగొడతారు. అన్నేళ్లూ చైన్ పడిపోకుండా కాపాడింది ఇరువైపులా ఉన్న రింగులూ, పైనున్న డీరెయిలరూను. కంచె పీకేసి, ఆవు పారిపోయిందని ఏడ్చినవాణ్ణి నేను.

అనంతగిరి కాఫీ తోటలు దాటి శృంగవరపుకోట వైపు దిగుతున్నాను. తారు లేచిపోయిన చోట సైకిల్ దడదడలాడింది. తొక్కడం ఆపి ఉన్నాను కనుక కింది వరుస చైన్ ఊగి, ఆ వదులు పై వరుసకు పాకి, చైన్ రింగ్ మీది నుంచి లోపలికి జారిపోయింది. ఆ గాలిలో నాకు చప్పుడే వినబడలేదు. మలుపు తిరగగానే చిన్న ఎత్తు వస్తే, సీటు మీది నుంచి లేచి ఒంటి బరువంతా కుడి పెడల్ మీద వేశాను. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా అయింది నా పని. ఛాతీ హ్యాండిల్‌కూ ఎడమ మోకాలు రోడ్డుకూ తగిలాయి. వెనుక వస్తున్న లారీ ఆగింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ డ్రైవరే దిగివచ్చి నన్ను లేపి, చైన్ ఎక్కించి, "పళ్ళు అరిగిపోయాయా బాబూ?" అని అడిగాడు. అవి ఇంకా కొత్తవే తల్లీ, అదే నా సిగ్గు.

నీకు ఆ తిప్పలు అక్కరలేదు. చైన్‌లో ఒక లంకె ఇరుకుగా, తరువాతిది వెడల్పుగా, మార్చి మార్చి వస్తాయి కదా. పళ్ళన్నీ ఒకే మందంలో ఉంటే వెడల్పు లంకెలో పన్ను చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది. 2012లో సైకిల్ భాగాలు చేసే స్రామ్ సంస్థ తన ఎక్స్‌ఎక్స్1 గేర్ల వరుసతో ఒక పన్ను సన్నగా, ఒక పన్ను మందంగా ఉండే రింగ్‌ను తెచ్చింది. ఇప్పుడు చాలా సంస్థలు అలాంటివి చేస్తున్నాయి. మందపు పన్ను వెడల్పు లంకెను పూర్తిగా నింపుతుంది కనుక చైన్ పక్కకు ఒరగడానికి చోటు ఉండదు. పళ్ళు పొడుగ్గా ఉండాలి, గాడులూ మేకులూ ఉండకూడదు. జతలుగా రావాలి కనుక వాటి లెక్క సరిసంఖ్యే అవుతుంది. చైన్ ఎక్కించేటప్పుడు మందపు పన్ను మీద వెడల్పు లంకెనే పెట్టు. ఒక్క పన్ను తప్పితే చైన్ పళ్ళ నెత్తిన కూర్చుంటుంది. దారిలో హడావిడిగా ఎక్కించేటప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది.

నీ స్నేహితుడెవరో 42 పళ్ళది వేసుకోమన్నాడట. అతను నీ బదులు ఘాట్ ఎక్కుతాడా? నీ కొత్త క్యాసెట్, అంటే వెనుక పళ్ళ చక్రాల గుత్తి, 11 పళ్ళ నుంచి 42 పళ్ళ వరకు ఉంది కనుక ముందు 36 తీసుకో. వెనుక 11 మీద నిమిషానికి తొంభై సార్లు తొక్కితే చదునులో గంటకు 37 కిలోమీటర్లు వస్తుంది. అంతకన్నా వేగం నాకు వద్దు, నీకూ వద్దు. ఎత్తులో వెనుక 42 మీద పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 1.8 మీటర్లు కదులుతుంది, మోకాళ్లకు అది హాయి.

రింగ్ ఒక్కటే చాలదు. వెనుక డీరెయిలర్ క్లచ్ ఉన్నదై ఉండాలి, కింది చైన్ ఊగకుండా పట్టేది ఆ క్లచ్చే. వెనుక చక్రం విప్పడానికి దాని మీట ఆపి, మళ్లీ వేయడం మరచిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఇంత చేసినా గతుకుల రోడ్డు మీద నా ప్రాణం ఊరుకోదు, కనుక రింగ్ పైన, చైన్ పక్కకు జారకుండా ఆపే ఒక చిన్న చైన్ గైడ్ కూడా బిగించుకో. చాదస్తం అంటావు, అనుకో. చైన్ పన్నెండు అంగుళాలకు అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చెయ్యి. సాగిన చైన్ మందపు పళ్ళను తినేస్తుంది, అవి సన్నబడితే నా పాత 38కీ నీ కొత్త రింగ్‌కూ పెద్ద తేడా ఉండదు.

నా మోకాలి సంగతి మీ అమ్మకు చెప్పకు. వానలో జారిపడ్డానని ఆ రోజు చెప్పాను, ఇప్పటికీ అలాగే నమ్ముతోంది. బిగించాక రింగ్‌ను పైనుంచి ఫోటో తీసి పంపు, ఏ పన్ను మీద ఏ లంకె కూర్చుందో నేను కూడా చూస్తాను.

మీ మామయ్య