వేల ఏళ్ల నాటి కట్టడంలో అప్పట్లో శబ్దం ఎలా వినిపించేదో ఇప్పుడెలా తెలుస్తుంది?

కట్టడం చెక్కుచెదరకుండా ఉంటే పని తేలికే. లోపల ఒక బెలూన్ పగలగొట్టి, ఆ చప్పుడు ఎటు నుంచి తిరిగొచ్చిందో, ఎంతసేపటికి అణిగిందో మైకులతో రికార్డు చేస్తారు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి పైన బాలా హిస్సార్‌లో వినడం కూడా ఒక రకంగా ఇలాంటి పరీక్షే.

చిక్కంతా సగం కూలిపోయిన వాటితోనే. ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద రాళ్లను వలయంగా నిలబెట్టిన ప్రాచీన కట్టడం స్టోన్‌హెంజ్‌లో చాలా రాళ్లు ఇప్పుడు లేవు. అందుకే సాల్ఫర్డ్ యూనివర్సిటీలో ట్రెవర్ కాక్స్ బృందం మొత్తం 157 రాళ్లతో, అసలు సైజులో 12వ వంతు నమూనా తయారుచేసింది. నాకు బాగా నచ్చిన కిటుకు ఇక్కడే ఉంది. రాళ్లు 12 రెట్లు చిన్నవైతే శబ్ద తరంగం కూడా అంతే చిన్నదవ్వాలి. అంటే 1000 హెర్ట్జ్ శబ్దం బదులు 12,000 హెర్ట్జ్ శబ్దం వాడాలి. హెర్ట్జ్ ఇంకా పెంచుకుంటూ వెళ్తే అది మన చెవికి వినపడని అల్ట్రాసౌండే.

2020లో వచ్చిన ఫలితం ప్రకారం, పైకప్పు లేకపోయినా రాళ్ల మధ్య శబ్దం దాదాపు 0.6 సెకన్లు నిలిచేది. లోపల మాట్లాడితే గొంతు సుమారు 4 డెసిబెల్స్ పెరిగి వినిపించేది. బయట నిలబడినవాళ్లకు మాత్రం అంత స్పష్టంగా వినపడేది కాదు.

అయితే శబ్దం కోసమే రాళ్లను అలా నిలబెట్టారని దీన్నిబట్టి చెప్పలేం. లోపల నిలబడినవాళ్ల చెవిన ఏం పడేదన్నంతవరకే ఈ కొలతలు చెబుతాయి.