బీబీసీ మైక్రో, స్పెక్ట్రంలకి సెకండ్‌హ్యాండ్ ఎల్‌సీడీ ఏది కొనాలి? ముందు 15 కిలోహెర్ట్జ్ సంగతి చూడండి

పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. స్కూల్లో మూల పడేసిన బీబీసీ మైక్రో ఒకటి, మేనమామగారు విదేశం నుంచి తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం ఒకటి ఇంట్లో ఉన్నాయి. రెండూ 1980ల నాటి బ్రిటిష్ హోం కంప్యూటర్లు. ఇన్నాళ్లూ వాటికి ఆధారమైన పెట్టె టీవీ పోయింది. ఊళ్లో దొరికిన 17 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్‌కి, బీబీసీకి మధ్య వీజీఏ వైరు తయారుచేసి పెడితే తెర మీద 'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తోంది. సెకండ్‌హ్యాండ్‌లో ఏ మానిటర్ కొనాలి, అది మన వైపు ఎక్కడ దొరుకుతుంది?

నాది బరంపురం. టీవీలు, మానిటర్లు బాగుచేయడం నా పని. పాత హోం కంప్యూటర్లంటే ఇష్టం కాబట్టి ఈ జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మీ వైరు బాగానే ఉండి ఉంటుంది, మానిటర్ కూడా బాగానే ఉంది. బీబీసీ మైక్రో సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. అంటే 15.625 కిలోహెర్ట్జ్. టీవీ లెక్క అదే కాబట్టి 1981లో దాన్ని తయారుచేసినవాళ్లు అదే పెట్టారు. కంప్యూటర్ మానిటర్ల కోసం 1987లో వచ్చిన వీజీఏ పద్ధతి 31.5 కిలోహెర్ట్జ్‌తో మొదలైంది. ఆఫీసుల కోసం చేసిన ఎల్‌సీడీ మానిటర్లు చాలామటుకు 30 కిలోహెర్ట్జ్ కంటే కిందికి దిగవు. దీనికి తోడు రెండో చిక్కు ఒకటుంది. మన యంత్రాలు సెకనుకి 50 సార్లు బొమ్మ పంపుతాయి, మానిటర్లు ఎక్కువగా 56 నుంచి 75 మధ్య ఆశిస్తాయి. ఈ రెండూ కుదిరితేనే బొమ్మ వస్తుంది. పిన్నులు సరిగ్గా కలిసినంత మాత్రాన రాదు.

అందుకని 'వీజీఏ సాకెట్ ఉన్న మంచి మానిటర్' అని వెతకడం మానేయండి. వెనక పసుపు రంగు గుండ్రటి సాకెట్, అంటే ఏవీ ఇన్‌పుట్, ఉన్నదాన్ని వెతకండి. నేను ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే. ఏవీ సాకెట్ పెట్టారంటే లోపల టీవీ సిగ్నల్‌ని అర్థం చేసుకునే చిప్ ఉన్నట్టు. దానికి 15 కిలోహెర్ట్జ్ కొత్త కాదు.

అమెరికావాళ్లు రాసిన సలహాలు చదివి చాలామంది కంగారుపడతారు. అక్కడి టీవీలు 60 హెర్ట్జ్‌వి కాబట్టి బ్రిటిష్ యంత్రాలతో వాళ్లకి నిజంగానే ఇబ్బంది. మన దగ్గర ఆ టెన్షన్ లేదు. మనది పాల్ (PAL) అనే టీవీ పద్ధతి, 50 హెర్ట్జ్. ఇక్కడ అమ్మిన ఏ ఎల్‌సీడీ టీవీకైనా ఏవీలో 50 హెర్ట్జ్ పట్టాల్సిందే. కాబట్టి మీకు నా మొదటి సలహా మానిటర్ కాదు, 2008 నుంచి 2012 మధ్య వచ్చిన 20, 22 అంగుళాల చిన్న ఎల్‌సీడీ టీవీ. జనం పెద్ద స్మార్ట్ టీవీలకి మారిపోయాక ఇవి అటక మీదికి చేరాయి, మా వైపు చాలా తక్కువకే ఇచ్చేస్తున్నారు. వాటికి ఏవీ ఉంటుంది, వీజీఏ ఉంటుంది, చాలావాటికి కాంపొనెంట్ సాకెట్లు కూడా ఉంటాయి. పైగా యాంటెన్నా సాకెట్‌లోంచి పాత టీవీ చానెళ్లు పట్టే అనలాగ్ ట్యూనర్ ఉంటుంది.

ఆ ట్యూనర్ మీ స్పెక్ట్రంకి బంగారం. స్పెక్ట్రం సిగ్నల్ యూహెచ్‌ఎఫ్ 36వ చానెల్ మీద వస్తుంది. టీవీలో ఆటో సెర్చ్ పెట్టి, యంత్రం ఆన్‌లో ఉంచితే అదే పట్టుకుంటుంది. 48కే మోడల్ స్పెక్ట్రం టీవీకి వెళ్లే సిగ్నల్‌లో శబ్దం అసలు పంపదు. కాబట్టి టీవీ స్పీకర్లో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ రాదు. అది తన లోపలి బుల్లి స్పీకర్లోనే పాడుతుంది కాబట్టి టీవీ వాల్యూమ్ సున్నా చేసేస్తే సరిపోతుంది. బొమ్మ మాత్రం ఏవీతో పోలిస్తే కాస్త మసకగా ఉంటుంది. అది నచ్చకపోతే లోపల మాడ్యులేటర్‌కి (బొమ్మని టీవీ చానెల్ సిగ్నల్‌గా మార్చే డబ్బాకి) వెళ్లే రెండు వైర్లు విడదీసి, వీడియో వైరుని నేరుగా సాకెట్‌కి కలిపితే ఏవీ సిగ్నల్ బయటికొస్తుంది. చిన్న సోల్డరింగ్ పని. పెట్టెకి కొత్తగా రంధ్రం పెట్టాల్సిన అవసరం లేదు, దయచేసి పెట్టకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ పాత స్థితికి తెచ్చుకునేలా చేయండి.

బీబీసీకి వెనక బీఎన్‌సీ సాకెట్ (తిప్పి బిగించే గుండ్రటి వీడియో సాకెట్) ఉంటుంది, గమనించే ఉంటారు. సీసీటీవీ కెమెరాలు బిగించే కుర్రాళ్లు వాడే, బీఎన్‌సీని ఆర్‌సీఏగా (పసుపు ఏవీ పిన్ను రకంగా) మార్చే అడాప్టర్ ఇక్కడ చక్కగా సరిపోతుంది, మన చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. ఆ సాకెట్‌లోంచి మామూలుగా నలుపు తెలుపు బొమ్మే వస్తుంది. బోర్డు మీద ఎస్39 అనే లింకు కలిపితే రంగు వస్తుంది. కానీ 80 అక్షరాల వరసలు చూపించే మోడ్‌లు, అంటే 0, 3, రంగు కలిపాక అంచులు చెదిరిపోయి కళ్లు లాగేస్తాయి. టైపింగ్ ఎక్కువ చేసేవాళ్లు నలుపు తెలుపే ఉంచుకోవడం మేలు. అది చాలా పదునుగా వస్తుంది.

సీసీటీవీ మాట వచ్చింది కాబట్టి, ఆ షాపుల్లో ఇంకో నిధి ఉంది. పాత అనలాగ్ కెమెరాలు తీసేసి నెట్‌వర్క్ కెమెరాలకి మారినచోట, వెనక బీఎన్‌సీ సాకెట్ ఉన్న ఎల్‌సీడీ మానిటర్లు మిగిలిపోతాయి. పాల్ కెమెరా కోసమే చేసినవి కాబట్టి బీబీసీకి అతికినట్టు సరిపోతాయి. బిగించేవాళ్లని అడిగి చూడండి. వాళ్ల గోడౌన్‌లో ఎవరూ అడగక దుమ్ము పట్టి ఉంటాయి.

మానిటరే కావాలి, అందులోనూ 4:3 ఆకారమే కావాలి అంటే (ఆ కోరిక నాకు బాగా అర్థమవుతుంది, సాగదీసిన బీబీసీ బొమ్మ చూడబుద్ధి కాదు) డెల్ 2007ఎఫ్‌పి కోసం చూడండి. 20.1 అంగుళాలు, 1600×1200. వీజీఏ, డీవీఐతో పాటు ఎస్‌-వీడియో, ఏవీ కూడా ఉన్నాయి. ఐటీ కంపెనీలు పెద్ద సంఖ్యలో తీసేసిన సరుకులో ఈ రకం కనిపిస్తుంది. మా ఊళ్లో అరుదు, విశాఖలో అప్పుడప్పుడు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు ఇంకాస్త ఎక్కువ. మెనూలో బొమ్మ ఆకారం మార్చుకునే వీలు కూడా ఉంటుంది.

వీజీఏలోంచే 15 కిలోహెర్ట్జ్ తీసుకునే ఎల్‌సీడీలు అసలు లేవని కాదు. బెన్‌క్యూ బీఎల్702ఏ, ఎన్‌ఈసీ 1970ఎన్‌ఎక్స్ లాంటివి అమిగా అనే పాత కంప్యూటర్ ప్రేమికులు ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఎదురుపడితే వదలకండి. కానీ దాని కోసమే బరంపురం, రాయగడ, విజయనగరం షాపులన్నీ తిరగకండి. మన వైపు అవి దాదాపు రావు.

అటారీ ఎస్‌టీ (అదే కాలపు ఇంకో హోం కంప్యూటర్) ఉన్నవాళ్లకి ఒక్క మాట: దాని మోనోక్రోమ్ మోడ్ 35 కిలోహెర్ట్జ్ పైన, 71 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది కాబట్టి చాలా మామూలు వీజీఏ ఎల్‌సీడీలు దాన్ని తీసుకుంటాయి. రంగు మోడ్‌లకి మాత్రం పైన చెప్పిన కథే.

మీరు ఇప్పటికే కొన్న 17 అంగుళాల మానిటర్ పారేయకండి. దానికి మధ్యలో ఒక బోర్డు పెడితే చాలు. చవకైనది జీబీఎస్ 8200. బీబీసీ ఆర్‌జీబీ సాకెట్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ (గీతలు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది) సిగ్నళ్లు ఇస్తే వీజీఏ 60 హెర్ట్జ్‌గా మార్చి పంపుతుంది, కాబట్టి ఏ మానిటరైనా ఒప్పుకుంటుంది. ఒక జాగ్రత్త ఉంది. బీబీసీ ఆర్‌జీబీ లాజిక్ చిప్‌లు వాడే స్థాయిలో, నాలుగైదు వోల్ట్ల దాకా వస్తుంది. బోర్డు కోరేది 0.7 వోల్టు. నేరుగా ఇస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉండటమే కాదు, బోర్డు కూడా దెబ్బతినవచ్చు. ఒక్కో రంగు వైరుకి వరసలో 330 ఓంల రెసిస్టర్ పెట్టి మొదలుపెట్టండి, తెల్ల తెర చూసుకుంటూ విలువ సవరించుకోండి. సాకెట్‌లో 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం, 4 సింక్, 5 గ్రౌండ్. ఆరోది 5 వోల్ట్ల సప్లై, దాన్ని తాకకుండా వదిలేయండి.

డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అనే బోర్డు తీసుకోండి. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్‌తో కలిసి పనిచేస్తుంది. మొదట బీబీసీ మైక్రో కోసమే పుట్టింది, దీనికి రెసిస్టర్ల గొడవ లేదు. ఒక్కో చుక్కని ఉన్నది ఉన్నట్టుగా చూపిస్తుంది. మోడ్ 7 అక్షరాలు దీని మీద మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మానిటర్ 50 హెర్ట్జ్ ఒప్పుకుంటే దాన్నే ఉంచండి. 60కి మారిస్తే కదిలే బొమ్మలు కుదుపులతో వస్తాయి.

షాపులో 'కన్వర్టర్' అని అడిగితే ఏం చేతికిస్తారో చూసుకోండి. కంప్యూటర్‌ని టీవీకి కలిపే డబ్బా వేరు, ఏవీని వీజీఏగా మార్చే డబ్బా వేరు. మనకి రెండోది కావాలి, కౌంటర్ మీద ఎక్కువగా ఉండేది మొదటిది. ఒక వైపు వీజీఏ, ఇంకో వైపు మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరుని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. లోపల చిప్ లేని వైరు దేన్నీ మార్చలేదు.

కొనేముందు పరీక్ష విషయంలో మొహమాటపడకండి. బీబీసీని మోసుకెళ్లడం కష్టం కాబట్టి నేను పాత రాస్ప్‌బెర్రీ పై ఒకటి సంచిలో పెట్టుకెళ్తాను. దాని ఏవీ సాకెట్‌లోంచి పాల్ సిగ్నల్ వస్తుంది. సెట్టింగుల ఫైల్లో ఎస్‌డీటీవీ మోడ్ విలువ 2 పెడితే మామూలు టీవీ లాంటి ఇంటర్‌లేస్ సిగ్నల్ (ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు), 18 పెడితే ప్రోగ్రెసివ్ (ప్రతిసారీ అవే గీతలు). ఈ తేడా ముఖ్యం. బీబీసీ మామూలుగా ఇంటర్‌లేస్ పంపుతుంది. స్పెక్ట్రం సరిగ్గా 312 గీతలతో ఇంటర్‌లేస్ లేకుండా పంపుతుంది, కొన్ని ఎల్‌సీడీలు దాన్ని చూసి తడబడి నీలం తెర వేసేస్తాయి. రెండు విలువలతోనూ బొమ్మ నిలకడగా నిలిస్తే ఆ మానిటర్ మీ రెండు యంత్రాలకీ పనికొస్తుంది. పై లేకపోతే డీవీడీ ప్లేయర్‌తో సగం పరీక్ష అవుతుంది, ఇంటర్‌లేస్ సంగతి మాత్రమే తెలుస్తుంది. బొమ్మ వణుకుతోందని బీబీసీలో ఇంటర్‌లేస్ ఆపాలనుకుంటే స్టార్ గుర్తు పెట్టి టీవీ 0,1 అని కొట్టి, మోడ్ మార్చండి. ముందు మీ తెర దాన్ని తట్టుకుంటుందని చూసుకుని మాత్రమే.

ఆన్ చేసి రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే తెర మీద టార్చి వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటో, దాని ఇన్వర్టరో. ఈ కాలం ప్యానెళ్లలో ఉండేవి సన్నటి ట్యూబులు, వయసైనకొద్దీ ముందు ఎర్రటి ఛాయ వస్తుంది. సప్లై బోర్డులో ఉబ్బిన కెపాసిటర్లు మార్చడం ఏ రిపేర్ షాపులోనైనా అయ్యే పని, దానికి భయపడి మంచి ప్యానెల్ వదులుకోకండి. నిలువు గీతలు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చిన సరుకులో సాకెట్లు పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి, తెర అంచుల్లో నీళ్లు చేరిన గోధుమరంగు మరకలు ఉంటాయి. 2018 తిత్లీ తుపాను తర్వాత మీ జిల్లా నుంచే అలాంటివి చాలా వచ్చాయి నా దగ్గరికి. మరక ప్యానెల్ లోపలికి వెళ్తే తుడిస్తే పోదు. పావుగంట వెలిగించి ఉంచమనండి, వేడెక్కాక ఆరిపోయేవి అప్పుడే బయటపడతాయి.

తెర దొరికింది కదా అని బీబీసీని వెంటనే ప్లగ్‌లో పెట్టకండి. పవర్ సప్లైలో మెయిన్స్ దగ్గర రెండు ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. పారదర్శకంగా ఉన్న పై తొడుగు ఏళ్లకి పగులుతుంది, తేమ చేరుతుంది, కరెంటు ఇచ్చిన కాసేపటికి ఢామ్మని పేలి గది నిండా పొగ చేస్తాయి. ఎక్స్2 తరగతివి కొత్తవి వేయించండి. అక్కడ 230 వోల్ట్లు ఉంటాయి కాబట్టి అలవాటున్నవాళ్ల చేతే వేయించండి.

స్కూలు నుంచి వచ్చిందన్నారు కదా, అది బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984-85లో మొదలైన క్లాస్ (CLASS) అనే పథకం తాలూకుదే అయ్యుండాలి. ఆ పథకంలో కేంద్ర ప్రభుత్వం బీబీసీ మైక్రోలనే బడులకి పంపింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాటిని యూనికార్న్ పేరుతో మన దేశంలోనే తయారుచేసింది. మీ యంత్రం మీద ఆ పేరు ఉంటే లేబుల్ కడగకండి, రుద్దకండి. అవి తుక్కు కొట్లలో ప్లాస్టిక్ లెక్కన తూకానికి పోతుంటే చూడలేక చెప్తున్నాను.

స్పెక్ట్రం విప్పేముందు పైనుంచి బోర్డు మొత్తం కనపడేలా, ఇష్యూ నంబరు (బోర్డు మీద అచ్చైన వెర్షన్ నంబరు) చదవగలిగేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇష్యూని బట్టి మాడ్యులేటర్ చుట్టూ అమరిక కొంచెం మారుతుంది, ఏ వైరు ఎక్కడ విడదీయాలో ఫొటో మీదే గుర్తుపెట్టి ఇస్తాను.