తుఫానుల మీద ఆసక్తి సరే, డిగ్రీలో గణితం ఉందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. మా అమ్మాయి ఫిజిక్స్ మేజర్‌గా బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతోంది. 2018లో తిత్లీ తుఫానుకు మా కొబ్బరి, జీడి తోటలు పడిపోయినప్పటి నుంచి తనకు వాతావరణం మీదే ధ్యాస. అట్మాస్ఫియరిక్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేయాలంటే ఏ అర్హతలు కావాలి? ఉద్యోగాలుంటాయా? అమెరికా పంపమని బంధువులు చెబుతున్నారు, పంపమంటారా?

జవాబు: మీ అమ్మాయి మైనర్ సబ్జెక్టు ఏమిటో మీరు రాయలేదు. నాకు ముందు తెలియాల్సింది అదే. డిగ్రీలో ఒక ప్రధాన సబ్జెక్టు (మేజర్), దానికి తోడుగా ఇంకో సబ్జెక్టు (మైనర్) చదివే సింగిల్ మేజర్ విధానం వచ్చాక ఫిజిక్స్ మేజర్‌తో పాటు కంప్యూటర్ సైన్స్ మైనర్‌గా తీసుకుంటున్న పిల్లలున్నారు. వేరే కోర్సులకు ఫర్వాలేదు గానీ ఇక్కడ చిక్కొస్తుంది. వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీకి సాధారణంగా డిగ్రీలో ఫిజిక్స్, గణితం రెండూ చదివి ఉండాలంటారు. మైనర్ గణితమే అయితే నిశ్చింత. కాకపోతే, తాను చదివిన గణితం పేపర్లు సరిపోతాయో లేదో దరఖాస్తుకు ముందే ఆ యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగాన్ని అడగండి. సీటొచ్చాక కౌన్సెలింగ్‌లో తేలితే ఏడాది పోతుంది.

ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఎమ్మెస్సీలో చదివేది టీవీలో వచ్చే వాతావరణ వార్తలు కాదు. తిరిగే భూమి మీద గాలి ఎలా కదులుతుందో చెప్పే డైనమిక్ మెటీరియాలజీ ఉంటుంది, అందులో పేజీల కొద్దీ పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లనే గణిత సమీకరణాలే. థర్మోడైనమిక్స్, మేఘాల భౌతికశాస్త్రం, రాడార్, ఉపగ్రహ పరిశీలనలు, కంప్యూటర్ మోడళ్లతో అంచనా వేయడం, చివర్లో ప్రాజెక్టు. తుఫానంటే ఆసక్తి ఉండి అందుకు కావాల్సిన వెక్టర్ కాలిక్యులస్ లెక్కలంటే భయమున్న పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే టెన్షన్ మొదలవుతుంది. అమ్మాయిని కూర్చోబెట్టి ఈ సంగతి అడగండి. మార్కులు ఎన్నొచ్చాయని కాదు, ఆ లెక్కలు ఇష్టంగా చేస్తోందా అని.

ఇక ఎక్కడ చదవాలి? మీకు దగ్గర్లోనే, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి మెటీరియాలజీ (వాతావరణ శాస్త్రం), ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) విభాగం దేశంలో పాతవాటిలో ఒకటి. అదే ఊళ్లో వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం కూడా ఉంది. నన్నడిగితే మీ మొదటి దరఖాస్తు ఇక్కడికే. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఓషన్ అండ్ అట్మాస్ఫియరిక్ సైన్సెస్ ఎమ్మెస్సీకి కేంద్రీయ వర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీ భువనేశ్వర్‌కు ఐఐటీల పీజీ ప్రవేశ పరీక్ష జామ్, కొచ్చిన్ యూనివర్సిటీకి వాళ్ల సొంత పరీక్ష. జామ్ దరఖాస్తులు డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. డిగ్రీ అయ్యాక చూద్దామనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

అర్హతల్లో రాయరు గానీ తప్పకుండా కావాల్సింది ఇంకోటుంది, కోడింగ్. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఇప్పుడే మొదలుపెట్టమనండి. డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి వాతావరణ మోడళ్లు ఇప్పటికీ ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తున్నాయి, అదీ కొంత రావాలి. వాతావరణ శాఖ 1901 నుంచి దేశంలో ఏ రోజు ఎక్కడెంత వాన పడిందో గ్రిడ్ డేటాగా, అంటే దేశాన్ని చిన్న గళ్లుగా విడదీసి గడికింత అని లెక్కగట్టి, ఉచితంగా ఇస్తోంది. అందులోంచి మీ జిల్లా అక్టోబరు వానలు తీసి గ్రాఫ్ గీయమనండి. ఆ పని విసుగనిపిస్తే కోర్సులో చేరకముందే తెలిసిపోతుంది, మంచిదే కదా.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది. 2022 నోటిఫికేషన్‌లో 990 పోస్టులు. ఫిజిక్స్‌తో బీఎస్సీ ఫస్ట్ క్లాసు ఉన్నవారికీ అర్హత ఉంది, ఎమ్మెస్సీ అక్కర్లేదు. కానీ ఈ నోటిఫికేషన్ ఏటా రాదు, దాని కోసమే చదువు ఆపుకుని కూర్చోకూడదు. సైంటిస్టు కావాలంటే ఎమ్మెస్సీ తర్వాత నెట్ రాసి పీహెచ్‌డీ, లేదా గేట్ రాసి ఎంటెక్. గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ప్రత్యేక సెక్షనే ఉంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల నార్ల్, పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఈ చదువుకు తగిన చోట్లు. బీమా, పవన విద్యుత్ కంపెనీల్లోనూ పని దొరుకుతుంది, అక్కడ కోడింగే ముందు చూస్తారు.

అమెరికా మాటకొస్తే, ఇప్పుడే వద్దంటాను. అక్కడ చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీతో సమానమైన చదువు అడుగుతాయి. మూడేళ్ల బీఎస్సీని కొన్ని ఒప్పుకోవు. నాలుగో ఏడాది ఆనర్స్ గానీ, ఇక్కడి ఎమ్మెస్సీ గానీ ఉంటే నయం. థీసిస్‌తో చేసే ఎంఎస్‌కు అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే బోధన, పరిశోధనల్లో సాయం చేసే పని) దొరికితే ఫీజు భారం చాలావరకు తగ్గుతుంది. అప్పు చేసి మాత్రం పంపకండి. అక్కడి జాతీయ వాతావరణ సేవా సంస్థలో ఉద్యోగాలు అమెరికా పౌరులకే కాబట్టి, చదువైపోగానే అందులో చేరొచ్చని బంధువులు చెబితే నమ్మొద్దు.