నవోదయ జాబితాలో పాప పేరు లేదు.. కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా పాకాల దగ్గర పల్లె. మా పాప ఐదో తరగతి చదువుతూ నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసింది. కోచింగ్ సెంటరు వాళ్లిచ్చిన కీతో సరిచూస్తే 80 ప్రశ్నల్లో 71 కరెక్టు అయ్యాయి. అయినా ఎంపిక జాబితాలో పేరు లేదు. మా వీధిలోనే ఉన్న పిల్లాడికి 64 మాత్రమే కరెక్టు అయినా సీటొచ్చింది. పేపరు మళ్లీ దిద్దమని అడగొచ్చా? మా తమ్ముడు వినియోగదారుల ఫోరంలో కేసు వేద్దామంటున్నాడు. తెలిసినాయన ఒకరు హైకోర్టుకు పొమ్మంటున్నారు. మేం బీసీలం. పాప మూడో తరగతిలో రెండు నెలలు పుత్తూరులో మా అమ్మావాళ్ల ఇంట్లో ఉండి అక్కడి బడికి పోయింది. మిగతా చదువంతా మా ఊరి బళ్లోనే. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, పాకాల మండలం

జవాబు: అమ్మా, మాటవరసకన్నట్టు చివర్లో రాసిన పుత్తూరు సంగతే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరడిగిన వాటికి జవాబు చెబుతాను.

నవోదయ పరీక్షలో రీవాల్యుయేషన్, రీకౌంటింగ్ అనే పద్ధతే లేదు. ఓఎంఆర్ షీటును, అంటే బుడగలు దిద్దే జవాబు పత్రాన్ని, కంప్యూటరు దిద్దుతుంది, అంతటితో సరి. నిబంధనల్లో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు 1984లోనే మహారాష్ట్ర బోర్డు, పరితోష్ భూపేశ్‌కుమార్ శేఠ్ కేసులో చెప్పింది. ఇప్పటికీ కోర్టులు నడుస్తున్నది ఆ దారిలోనే. 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చింది. కీ తప్పా ఒప్పా అన్న అనుమానం మిగిలితే ఆ అనుమానం పరీక్ష పెట్టినవాళ్లకే మేలు చేస్తుంది, రాసినవాళ్లకు కాదు. తప్పు ఉందనుకుంటే అది చూడగానే కనబడాలి. పది వాదనలు పేర్చి నిరూపించాల్సి వచ్చిందంటే కోర్టు పట్టించుకోదు. అయితే ఐదో తరగతి లెక్కల్లో మీకొక వెసులుబాటు ఉంది. భిన్నాల కూడికకు జవాబు ఒకటే ఉంటుంది, ఎవరు చేసినా అదే వస్తుంది. బొమ్మల ప్రశ్నల్లో కీ తప్పని నిరూపించడం మాత్రం చాలా కష్టం. కాబట్టి కీ మీద పోట్లాడాలనుకుంటే లెక్కల 20 ప్రశ్నల వరకే చూసుకోండి.

మీ తమ్ముడికి చెప్పండి, వినియోగదారుల ఫోరం దారి మూసుకుపోయింది. పరీక్ష పెట్టడం డబ్బు తీసుకుని చేసే సేవ కిందకు రాదని, విద్యార్థి వినియోగదారుడు కాడని 2009లో బీహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కడ కేసు వేస్తే వాయిదాలకు తిరగడమే మిగులుతుంది.

ఇక ఆ 71 సంగతి. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కుల లెక్కన 88.75 వస్తాయి. మీ వీధి పిల్లాడి 64కు 80 మార్కులు. పాప మార్కులు ఎక్కువే, నిజమే. కానీ మీ దగ్గరున్నది కోచింగ్ సెంటరు కీ, దానికి చట్టం ముందు విలువ లేదు. పాప ఇంటికొచ్చి గుర్తు చేసుకుని చెప్పిన జవాబులూ, ఓఎంఆర్ మీద దిద్దిన బుడగలూ ఒకటే అయ్యుండాలని లేదు. పదేళ్ల పిల్ల, రెండు గంటల పరీక్ష, ఒక్క వరుస తప్పినా కింద ఉన్నవన్నీ తప్పు వరుసల్లోకి జరిగిపోతాయి. అందుకే నేనైతే కోర్టు గురించి ఆలోచించే ముందు ఆ షీటు తెప్పించుకుంటాను.

అడిగితే ఇవ్వాల్సిందే. రాసినవాళ్లకు తమ జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద ఉందని 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు సొంత నిబంధన అడ్డొచ్చినా ఆ చట్టానిదే పైచేయి. ఒక్క మెలిక ఉంది. షీట్లు దాచి ఉంచే గడువు దాటిపోతే ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. అందుకని ఈ వారంలోనే అర్జీ పెట్టండి. మైనరు కాబట్టి పాప తరఫున మీరో, మీ ఆయనో రాయొచ్చు. నవోదయ విద్యాలయ సమితి కేంద్ర ప్రభుత్వ సంస్థ. ప్రధాన కార్యాలయం నోయిడాలో ఉంది, మన రాష్ట్రం హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం కిందకు వస్తుంది. కేంద్రం ఆర్టీఐ వెబ్‌సైటులో పది రూపాయలు కట్టి ఇంట్లో నుంచే పంపొచ్చు. అర్జీ 500 మాటలు దాటకూడదు. పాప ఓఎంఆర్ నకలు, తుది కీ, వచ్చిన మార్కులు అడగండి. పాపను గ్రామీణ కోటాలో చూశారా పట్టణంలో చూశారా, ఏ రిజర్వేషను కింద చూశారు, ఆ వర్గంలో చివరగా సీటొచ్చిన మార్కు ఎంత, వెయిటింగ్ లిస్టులో పాప ఉందా.. ఇవి తప్పకుండా అడగండి. ఆ పిల్లాడి షీటు మాత్రం అడగొద్దు. అది ఇంకొకరి సొంత సమాచారమని తిప్పికొడతారు, దాంతోపాటు మీ అర్జీ కూడా నలుగుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దానికి రుసుము లేదు. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

ఇప్పుడు పుత్తూరు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. ఆ కోటాలో ఉండాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా ఆ పిల్లను పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. పుత్తూరు మున్సిపాలిటీ. అక్కడ పేరు రిజిస్టరులో ఎక్కించి చదివించి ఉంటే, ఆ రెండు నెలలతో పాప గ్రామీణ కోటా నుంచి బయటకు వచ్చేసినట్టే. పేరు ఎక్కించకుండా ఊరికే కూర్చోబెట్టి ఉంటే కథ వేరు. ఈ సంగతి మీ ఊరి బడి హెడ్‌మాస్టరును, పుత్తూరు బడిని అడిగి ముందు తేల్చుకోండి.

ఆ తర్వాత పాప అప్లికేషను ప్రింటు తీయండి. దాంట్లో 'అర్బన్' అని ఉంటే మీ వీధి పిల్లాడితో పోలికే చెల్లదు. ఆ పిల్లాడు గ్రామీణ సీట్లలో, మీ పాప మిగిలిన కొద్ది సీట్లలో పోటీపడ్డారన్నమాట. 80 మార్కులవాడికి సీటొచ్చి 88 మార్కుల పిల్లకు రాకపోవడంలో అప్పుడు ఏ అన్యాయమూ లేదు. నెట్ సెంటరు వాడు పొరపాటున 'అర్బన్' పెట్టి, పాప నిజంగా గ్రామీణమే అయితే తప్పు మన వైపుది. ఏరియా, కేటగిరీ లాంటి వివరాలు దిద్దుకోవడానికి సమితి కొన్ని రోజులు గడువిస్తుంది. అది దాటాక కోర్టు కలగజేసుకోవడం అరుదు. మీరు 'రూరల్' అని పెట్టినా వాళ్లు అర్బన్‌గా లెక్కేశారని తేలితే మాత్రం అది గట్టి కేసు. అది రుజువు చేసేది ఆర్టీఐ జవాబే.

ఇంకో అవకాశం కూడా ఉంది, చెప్పక తప్పదు. రెండు నెలలు పుత్తూరు రిజిస్టరులో ఉండి కూడా 'రూరల్' అని పెట్టి ఉంటే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థ చేసిన తప్పు సరిదిద్దమని వేసే పిటిషను) వేయకండి. హైకోర్టు మీ మాట వినాలంటే మీరు ఏదీ దాచకుండా రావాలి. అఫిడవిట్‌లో, అంటే ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో, దాచింది అవతలి లాయరు బయట పెడితే కేసు ఆ రోజే కొట్టేస్తారు, ఖర్చులూ పడొచ్చు. సీటొచ్చి ఉన్నా సర్టిఫికెట్ల పరిశీలనలో అది పోయేదే.

బీసీ అన్నారు. నవోదయలో ఓబీసీ రిజర్వేషను కేంద్రం జాబితా ప్రకారం, 27 శాతం. మన రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. మీది ఉందో లేదో ఎమ్మార్వో ఆఫీసులో కేంద్ర ఓబీసీ సర్టిఫికెట్టు గురించి అడిగితే తెలిసిపోతుంది.

ఇంకో అపోహ కూడా తీరుస్తాను. తిరుపతి, చిత్తూరు జిల్లాలు 2022లో విడిపోయాయి కదా, పాత చిత్తూరు జిల్లాకు ఉన్న, మదనపల్లె దగ్గరి వలసపల్లె నవోదయకు పాకాల పిల్లలు అర్హులేనా అని చాలామంది అడుగుతారు. కొత్త జిల్లాలో నవోదయ తెరిచేదాకా పాత జిల్లా హద్దులే లెక్క. ఆ కోణంలో మీకు అడ్డేమీ లేదు.

ఆర్టీఐ కాగితాల్లో స్పష్టమైన తప్పు దొరికితే అప్పుడు హైకోర్టు. రాజ్యాంగం 226 అధికరణం కింద, పాప పేరున సహజ సంరక్షకులుగా మీరు రిట్ వేయాలి. అమరావతిలోని నేలపాడు దాకా పోవాలి, లాయరు ఫీజు ఉంటుంది అని వెనకాడొద్దు. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోను చేయండి. ఎన్ని నెలల్లో వేయాలని గడువు రాసి లేదు కానీ, క్లాసులు మొదలై సీట్లు నిండాక వెళ్తే గెలిచినా పాపకు దక్కేది తక్కువ.

ఈలోగా మీ దగ్గరికి ఎవరైనా వచ్చి నవోదయలో కోటా సీటు ఇప్పిస్తానంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. అలాంటి కోటా లేదు. ఈ పరీక్షను రెండోసారి రాయనివ్వరు కూడా. ఎనిమిదో తరగతిలో ఉండగా తొమ్మిదికి రాసే పరీక్ష వేరు, ఖాళీ సీట్లుంటే దానికి వెళ్లొచ్చు. కలికిరి సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్షా ఉంది, దాని వయసు హద్దులు చూసుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని చిన్నది. ఎంపికైన పిల్లలు చేరకపోతే ఆ సీట్లు వెయిటింగ్ లిస్టుకు పోతాయి. ఆ కబురు సాధారణంగా అప్లికేషనులో ఇచ్చిన ఫోను నంబరుకే వస్తుంది. నెట్ సెంటరు వాళ్లు చాలాసార్లు తమ నంబరే కొట్టేస్తుంటారు. ప్రింటు తీయగానే ఆ నంబరు ఎవరిదో చూడండి. మీది కాకపోతే, వలసపల్లె ప్రిన్సిపల్‌కు మీ నంబరుతో ఒక కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.