గ్రామసభకు జనం రావాలంటే: సామాజిక తనిఖీలో నేర్చుకున్న సంగతులు

మీరు పంచాయతీ కార్యదర్శిగా కొత్తగా చేరారనీ, తాగునీటి పథకంపై గ్రామసభ పెడితే పట్టుమని పదిమంది కూడా రాలేదనీ, ప్రజల భాగస్వామ్యానికి ప్రణాళిక ఎలా వేసుకోవాలనీ అడిగారు. నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ (లెక్కల్లో రాసినది నిజమో కాదో ఊరివారితో కలిసి సరిచూడటం) బృందాలలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ తెలుసుకున్నది తాగునీటికీ పనికివస్తుందని నమ్ముతున్నాను కాబట్టి ఆ అనుభవంతోనే జవాబు చెబుతాను.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్, పనులను పర్యవేక్షించి సామాజిక తనిఖీ జరిపే బాధ్యతను గ్రామసభకే అప్పగించింది. అయితే చట్టంలో రాసి ఉన్నంత మాత్రాన కూలికి వెళ్లే మనిషి సభలో లేచి నిలబడి మాట్లాడదు. మేము మొదట్లో చేసిన తప్పు కూడా అదే. ఒక ఊళ్లో కోతల కాలంలో, ఉదయం పదకొండు గంటలకు, పంచాయతీ కార్యాలయంలో సభ పెట్టాము. ఎవరి లెక్కలు చూడాలో ఆ కూలీలంతా పొలాల్లో ఉన్నారు. వచ్చిన కొద్దిమందీ పెద్దల ఎదుట నోరు విప్పలేదు. ఆ తర్వాత దళితవాడలోని బడి వరండాలో, రాత్రి భోజనాల వేళ దాటాక కూర్చుంటే, చంటిపిల్లలను ఒడిలో పెట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. కొందరికి పంచాయతీ కార్యాలయం మెట్లు ఎక్కడమే సంకోచమన్న సంగతి మాకు అప్పుడు అర్థమైంది.

వేళ, చోటు సరిచేసుకోవడం సులువే. సమాచారాన్ని ముందుగా మనుషుల చేతికి చేర్చడమే అసలైన పని. మేము మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), పనుల కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు తీసుకుని, కూలీల కుటుంబాలలోనే చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాకుండా పక్క ఊళ్లకు పంపేవాళ్లం. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఎవరి వివరాలు వారికి చదివి వినిపించేవారు. “మీ సమస్యలేమిటి?” అని అడిగితే “ఏముంటాయి నాయనా, అంతా బాగానే ఉంది” అన్న ఒక పెద్దమ్మ, “ఈ వారంలో మీరు ఆరు రోజులు చెరువు పూడికతీతకు వెళ్లినట్టు రాశారు, డబ్బు ముట్టిందా?” అని అడగగానే లేచి లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి పోస్టాఫీసు పాస్‌బుక్కు తీసుకొచ్చింది. ఆ వారమంతా ఆమె కూతురి కాన్పుకు వేరే ఊరు వెళ్లింది. గ్రామసభలో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. తన పేరు, తన రోజులు, తన డబ్బు కనబడ్డాక ఆమెకు మాట్లాడే ధైర్యాన్ని మేము విడిగా నూరిపోయవలసిన అవసరం రాలేదు.

మీ తాగునీటి విషయంలోనూ ఇలాగే మొదలుపెట్టండి. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకమైన జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది లక్ష్యం. ఆ అంకెను సభలో ప్రకటించి ఊరుకోకుండా, నీళ్లు వదిలే వేళకు వీధివీధికీ నడిచి, ఏ కుళాయికి ఎన్ని బిందెలు నిండుతున్నాయో అక్కడి ఆడవాళ్ల చేతే రాయించండి. పైపులైను చివర ఉన్న వీధితోనే ప్రారంభించాలి, ఎందుకంటే ట్యాంకు దగ్గరి వారికి లేని కష్టం అక్కడే తెలుస్తుంది. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్న నియమం పేర్ల జాబితాతో నెరవేరిపోదు. నీళ్లు మోసే మనిషి ఆ కమిటీలో ఉందా అన్నది చూడండి.

ఇంకొక సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఏది ఇప్పటికే నిర్ణయమైపోయిందో, ఏది ప్రజలు మార్చగలరో మొదటే చెప్పాలి. ట్యాంకు కట్టే స్థలం ఖరారైపోయి ఉంటే దాని మీద అభిప్రాయాలు అడగకండి. నీళ్లు వదిలే వేళ, ఏ వీధికి ముందు, మరమ్మతుకు ఎవరిని పిలవాలి అన్నవి వారి చేతిలో ఉంటే వాటినే చర్చకు పెట్టండి. అయిపోయిన పెళ్లికి మేళం వాయించమన్నట్టు పిలిస్తే, రెండోసారి ఎవరూ రారు.

సభ అయ్యాక తిరిగి వెళ్లడానికి కూడా మీ ప్రణాళికలో రోజులు కేటాయించండి. మా తనిఖీ మండల కేంద్రంలో ప్రజావేదికతో ముగిసేది. అక్కడ ప్రతి ఫిర్యాదూ చదివి, అధికారుల ఎదుటే నిర్ణయం చెప్పేవారు. అయినా ఒక మండలంలో, రాబట్టాలని తేల్చిన కూలి డబ్బు ఏమైందో ఆ ఊరికి చెప్పడానికి మాలో ఎవరమూ వెళ్లలేదు. తర్వాతి తనిఖీకి వెళితే, క్రితంసారి మాకు మజ్జిగ ఇచ్చిన ఇంటివారే తలుపు దగ్గర నిలబడి “మళ్లీ రాసుకుని పోవడానికే వచ్చారా?” అని అడిగారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే తప్పు మాదే.

అందువల్ల మీ తర్వాతి గ్రామసభలో కొత్త అంశం ఏదీ ఎత్తకముందే, క్రితం సభలో వచ్చిన కోరికలను ఒక్కొక్కటిగా చదవండి. జరిగినవి జరిగాయనీ, జరగనివి ఏ కారణంతో, ఎవరి దగ్గర ఆగాయో చెప్పండి. ఆ కాగితం నకలు ఒకటి పైపులైను చివరి వీధిలో, అందరికీ కనబడే గోడకు అంటించి రండి.