సుధకు, సున్నం పని గురించి

చి. సుధకు ఆశీస్సులు.

స్కాట్లండ్‌లో టవర్ హౌస్ (బురుజులా నిలువుగా కట్టిన పాతకాలపు రాతి ఇల్లు) గోడలకు పూత వేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. హెల్మెట్, బూట్లు, పరంజా తనిఖీ సంగతులు వాళ్లే చెబుతారు.

ముందు కట్టడాన్ని అర్థం చేసుకో. 1535లో అక్కడి పార్లమెంటు, సరిహద్దుల్లో వంద పౌన్ల విలువచేసే భూమి ఉన్నవాళ్లు 60 అడుగుల చదరాన రాయీ సున్నంతో ప్రాకారం కట్టుకోవాలని చట్టం చేసింది. దాడుల భయంలోంచి పుట్టిన ఇళ్లవి. నిప్పంటకుండా కింద రాతి కమాను కప్పు, దానిపైన హాలు, ఆపైన పడకగదులు. 1626లో విలియం ఫోర్బ్స్ అనే ఆయన క్రేగీవర్ కోట పూర్తిచేసేనాటికి సోకు పెరిగింది: కింద బోడి గోడలు, పైన సింగారపు బురుజులు. ఇనుప గేటు మాత్రం మానలేదు!

ఆ క్రేగీవర్‌కే 1970ల్లో సిమెంటు హార్లింగ్, అంటే బయటి గోడకు విసిరికొట్టే గరుకు పూత, వేశారు. గట్టిగా ఉంటుందనుకున్నారు. ఆ గట్టిదనమే కొంప ముంచింది. గోడ ఎండకూ చలికీ రవ్వంత కదులుతుంది, సిమెంటు కదలలేక వెంట్రుకవాసి బీటలిస్తుంది. వాన ఆ బీటల్లోంచి లోపలికి పోతుంది, ఆవిరై బయటికి రాలేదు. రెండు రాతి వరసల నడుమ నింపిన చిల్లరాళ్లూ సున్నమూ నాని వదులవుతాయి. గోడలో దిగిన దూలాల కొనలు కుళ్లుతాయి. లోపలి గచ్చు బొమ్మలకు చెమ్మ పడుతుంది. చివరికి ఆ పూతంతా చెక్కేసి మళ్లీ సున్నమే వేసి, 2010లో కోట తెరిచారు. "తొందరగా బిగుస్తుంది, గుప్పెడు సిమెంటు కలుపుదాం" అని ఎంత పెద్ద మేస్త్రీ అన్నా ఒప్పుకోకు తల్లీ. మొహమాటపడ్డావో, చీవాట్లు తింటావు.

పూతకు కలపాల్సింది కాల్చిన సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు. ముందు గుంటలు పూడ్చి, గోడ తడిపి, పూతను తాపీతో విసిరికొట్టాలి, రుద్దకూడదు. ఆ గరుకుతనం వల్లే తడి తొందరగా ఆరుతుంది. చలి 5 డిగ్రీలకు దిగితే పని ఆపు. పచ్చి పూతలో నీళ్లు గడ్డకడితే పొరలుగా రాలిపోతుంది. తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనివ్వు. పైన కొట్టే వెల్ల పాలంత పల్చన, పూత మీద పూత.

నా భయమంతా నీ కళ్ల గురించే. నీళ్లు తగిలితే కాల్చిన సున్నం కుతకుతా ఉడికి చిమ్ముతుంది. కంట్లో పడితే నులమకు. కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పోసుకుంటూ ఉండు, ఆసుపత్రికి కబురు పంపు. వాళ్లిచ్చే కళ్లద్దాలు వదులుగా ఉంటే నీకు సరిపోయేవి కొనుక్కో. డబ్బు నేను పంపుతాను.

మీ పెదనాన్న