బీపీ తగ్గిందని మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. బట్టల దుకాణం నడుపుతాను. ఆరు నెలల క్రితం బీపీ 156/98 ఉందని డాక్టర్ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్ర రాశారు. రెండు నెలలకు 126/80కి వచ్చింది. తగ్గింది కదా అని మానేశాను. నిన్న చూపిస్తే 162/100 ఉంది. తలనొప్పి వంటి బాధలేమీ లేవు. మోకాళ్ల నొప్పికి మాత్రం తరచూ డైక్లోఫెనాక్ కొని వేసుకుంటాను. ఆహార నియమాలతోనే తగ్గించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడు 126/80 వచ్చింది జబ్బు నయమై కాదు, మాత్ర పనిచేయడం వల్ల. బాధ లేదని ధీమాగా ఉండకండి. అధిక రక్తపోటు చడీచప్పుడు లేకుండానే గుండెను, కిడ్నీలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పక్షవాతం వచ్చినవారిని తీసుకొచ్చి, 'బీపీ మాత్రలు ఈమధ్యే మానేశారండీ' అని ఇంట్లోవాళ్లు చెబుతుంటే ఎన్నేళ్లయినా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలిసి చికిత్స మళ్లీ మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్ సంగతి తప్పక చెప్పండి. అది ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి బీపీని పెంచుతుంది, కిడ్నీలకూ చేటు చేస్తుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్, షుగర్, ఈసీజీ పరీక్షలు చేయించుకోండి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. అలా జరిగితే సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌కు చెప్పండి, వేరే మందు ఇస్తారు.

ఆహార నియమాలు మాత్రకు తోడు, బదులు కాదు. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనుకు లోపే ఉండాలి. కూరలో తగ్గించామని సంతోషిస్తాం కానీ మొదటి ముద్దలోకి ఆవకాయ, పప్పులోకి అప్పడం, చివర పెరుగన్నంలో చిటికెడు ఉప్పు... ఇవేవీ లెక్కలోకి రావు. ముందుగా పెరుగన్నంలో ఉప్పు మానండి. మొదట్లో చప్పగా అనిపించినా కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఆవకాయ ఎప్పుడో ఒకసారి, నాలుకకు రాసుకునేంత చాలు.

దుకాణంలో గంటల తరబడి కూర్చునే పని కాబట్టి వారానికి కనీసం అయిదు రోజులు అరగంట చొప్పున నడవండి. మోకాళ్లు సహకరించకపోతే సైకిల్ తొక్కండి. పొగ, మద్యం అలవాట్లుంటే మానేయాలి. బరువు తగ్గి, బీపీ చాలాకాలం అదుపులో ఉంటే మోతాదు తగ్గించే అవకాశం ఉంటుంది. ఆ నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌దే.

బీపీ చూసుకునే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ తాగవద్దు. అంకె ఎంతున్నా సరే ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చేయి లేదా కాలు పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.